తాగని నేను వైన్ ఎలా అమ్మను?

ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. సారాంశం ఇది.

ఆమె, ఆమె అన్నయ్య కలిసి ఆరేళ్ళుగా ఒక రెస్టారెంట్ నడుపుతున్నారు. 48 కుర్చీలు. వంటగది, హాలు ఆమె చూసుకుంటారు. డబ్బు, లైసెన్సు, సరుకు కొనుగోలు అన్నయ్యవి. భోజనానికి మంచి పేరుంది, వారాంతాల్లో కుర్చీ ఖాళీ ఉండదు. రెండేళ్ళ కిందట అన్నయ్య ఎంతో ముచ్చటపడి, అప్పు కూడా చేసి, 92 రకాల వైన్లతో పదకొండు పేజీల జాబితా తయారు చేయించారు. అది కదలడం లేదు. పోయిన నెలలో సుమారు 900 టేబుళ్ళకు భోజనం వడ్డిస్తే, వైన్ వెళ్ళిన టేబుళ్ళు వందకు కాస్త పైన. "నీ మనుషులకు అమ్మడం చేతకాదు" అన్నది అన్నయ్య తీర్పు. వచ్చే నెల నుంచి ప్రతి వెయిటర్‌కూ నెలవారీ లక్ష్యం, సీసాకు ఇంత అని కమిషన్ పెడతానంటున్నారు. మొదటి రోజు నుంచి పనిచేస్తున్న పెద్ద వెయిటర్ ఈ సంగతి విని, ఒక రాత్రి హాలు మూశాక ఆమె దగ్గరకు వచ్చి, "అమ్మా, నాకు ఆ పేర్లు నోరు తిరగవు. వైన్ గురించి అడుగుతారేమోనని కొన్ని టేబుళ్ళ దగ్గర నిలబడకుండా వచ్చేస్తున్నాను. లక్ష్యాలు పెడితే నేను మానేస్తాను" అన్నారట.

ఆమె జన్మలో మద్యం ముట్టలేదు. "నాలుక మీద ఎన్నడూ పడని వస్తువును అమ్మమని పదిమందికి ఎలా నేర్పను? మనుషుల చేత ఇంకొంచెం తాగించడమే నా పని అయిపోతుందేమోనన్న బెంగ మరోవైపు. అన్నయ్యతో రోజూ గొడవ. నేను రుచి చూడడం నేర్చుకోవాలా? లక్ష్యాలకు ఒప్పుకోవాలా? లేక వైన్ ఎత్తేయమని తెగేసి చెప్పాలా?" అని అడిగారు. జాబితా నకలు, ఒక నెల బిల్లుల లెక్క, హాలు ఫొటోలు మూడు జతచేశారు.

మీ ఉత్తరం రెండో పేజీ చివర, మీరు మాటవరసకు రాసిన ఒక సంగతి దగ్గర నేను ఆగిపోయాను. ఒక జంట వచ్చారు. ఆయన వైన్ జాబితా అడిగి తీసుకున్నారు. రెండు పేజీలు నెమ్మదిగా, ఆపైన చివరిదాకా గబగబా తిప్పారు. భార్య వైపు చూశారు. ఆవిడ "మీ ఇష్టం" అన్నారు. ఆయన జాబితా మూసి, బోర్లా పెట్టి, "మంచినీళ్ళు చాలు" అన్నారు. అప్పుడు పక్కన నిలబడ్డ వెయిటర్ ముఖంలో ఊరట కనిపించిందని కూడా మీరే రాశారు.

మీ కష్టమంతా ఆ అర నిమిషంలో ఉంది. ఆయనకు వైన్ వద్దని కాదు, వద్దనుకున్న మనిషి జాబితా అడగడు. పదకొండు పేజీల పరాయి పేర్ల ముందు, భార్య చూస్తుండగా, తప్పు పలుకుతానేమో, చవకది అడిగితే చులకన అవుతానేమో, ఖరీదైనది తెప్పించి అది బాగా లేకపోతే తెల్లమొహం వేయాలేమో అని జంకారు. అవతల నిలబడ్డ మీ వెయిటర్‌దీ అదే జంకు. సలహా అడిగితే తన అజ్ఞానం బయటపడుతుందని అతిథికి, ఏమైనా అడుగుతారేమోనని వెయిటర్‌కు. ఇద్దరూ మంచినీళ్ళతో గండం గట్టెక్కారు.

నేను చాలా ఏళ్ళు హోటళ్ళలో పానీయాల విభాగం చూశాను. తొలినాళ్ళలో నేనూ 140 రకాలతో ఒక జాబితా రాసి, దానికి తోలు అట్ట వేయించి, చదివేవాళ్ళు లేరని అతిథుల మీద అలిగిన వాణ్ణే. కాబట్టి మీ అన్నయ్యను వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. ఆయన ఆ జాబితాను తనలాంటి వైన్ ప్రియుడి కోసం రాసుకున్నారు. అలాంటివాళ్ళు మీ హాలుకు నెలకు నలుగురో ఐదుగురో వస్తారు. మిగతావాళ్ళకు అది ప్రశ్నపత్రం.

ఇక మీ మొదటి ప్రశ్న. మీరు తాగడం నేర్చుకోనక్కరలేదు. తాగకుండానే ఈ పని చేయవచ్చు. వైన్ వృత్తిలో ఉన్నవాళ్ళు రోజుకు పదుల రకాలు రుచి చూస్తారు, నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. ఉమ్మేసే పాత్ర ఆ బల్ల మీద గ్లాసులంత మామూలు వస్తువు. మీకు నోట్లో పోసుకోవడం కూడా ఇష్టం లేకపోతే వాసనతో ఆగండి. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా ముక్కుదే. వంటగదిలో ఆరేళ్ళు గడిపిన ముక్కు మీది, అది ఊరికే పోదు. రుచి చూసే పని ఇష్టపడే ఒకరిద్దరు సిబ్బందికి అప్పగించండి. ఇష్టం లేనివాళ్ళను మాత్రం, శిక్షణ పేరుతోనైనా, బలవంతపెట్టకండి.

అసలు మీ బలం మీ వంట. ఏ వంటకంలో కారం ఎంత, పులుపు ఎంత, నూనె ఎంత అన్నది మీకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. మీ అన్నయ్యకు సీసాలు తెలుసు. రెండేళ్ళుగా ఈ రెండు తెలివిడులూ ఒక టేబుల్ మీదికి రాలేదు. జాబితా, మీ మెనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు కనిపించింది అదే. మీ వంటకాల్లో సగం ఘాటైనవని రాశారు. జాబితాలో 92కు 58 రెడ్ వైన్లు. వాటిలోనూ ఎక్కువ భాగం బోర్డో, బరోలో, నాపా కాబర్నే వంటి బరువైనవి, నోటికి చిక్కగా, గాఢంగా తగిలేవి. కొన్నింటి మీద ఆల్కహాల్ 14.5 శాతం అని ఉంది. అవి మంచి వైన్లే. మీ భోజనం పక్కన మాత్రం పోట్లాడతాయి.

ఎందుకో చెబుతాను, ఎందుకంటే మీ సిబ్బందికి నేర్పాల్సింది కూడా ఇదే. కారాన్ని, కాల్చే వేడిని మన నాలుక పసిగట్టేది ఒకే రకం నాడీ గ్రాహకంతో. శాస్త్రవేత్తలు దాన్ని టీఆర్‌పీవీ1 అంటారు. ఆల్కహాల్ ఆ గ్రాహకాన్ని మరింత సున్నితం చేస్తుంది. అంటే 14.5 శాతం వైన్ గుటక వేశాక మీ వంటకంలోని కారం రెట్టింపయినట్టు తోస్తుంది. రెడ్ వైన్‌లో టానిన్ ఉంటుంది. దానికి మనకు చక్కటి మాట ఉంది, వగరు. పాలు కలపని చిక్కటి టీ తాగితే నాలుక, చిగుళ్ళు బిగుసుకుపోయినట్టు ఉంటుందే, అది. టానిన్ లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకోవడం వల్ల నోరు ఎండిపోతుంది. కొవ్వు ఉన్న మాంసంతో ఆ వగరు మెత్తబడుతుంది. కారంతో కలిస్తే గరగరలాడుతుంది. మీ హాలులో ధైర్యం చేసి రెడ్ వైన్ తెప్పించుకున్నవాళ్ళకు జరుగుతున్నది ఇది. నోరు మండి, ఎండి, తప్పు వైన్‌దో వంటదో తెలియక, రెండో గ్లాసు అడగకుండా లేచిపోతున్నారు. మీ బిల్లుల లెక్కలో రెండో సీసా తెప్పించిన టేబుల్ ఒక్కటి కూడా లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

కారానికి విరుగుడు కాస్త తీపి, తక్కువ ఆల్కహాల్, చల్లదనం. జర్మనీలో మోజెల్ లోయ నుంచి వచ్చే కొద్దిపాటి తీపి రీజ్లింగ్ అనే వైట్ వైన్లు చాలావరకు 8 నుంచి 10 శాతం లోపే ఉంటాయి. పులుపు దండిగా ఉండడం వల్ల ఆ తీపి వెగటు పుట్టించదు. ఫ్రాన్స్‌లో ఆల్సాస్ ప్రాంతపు గెవుర్జ్‌ట్రామినర్ అనే వైట్ వైన్ ఘుమఘుమలాడుతుంది, మసాలాకు తట్టుకుంటుంది. రెడ్ వైనే కావాలనేవాళ్ళకు ఫ్రాన్స్‌లోనే బోజొలే ప్రాంతంలో గామే ద్రాక్షతో చేసేవి ఇవ్వవచ్చు. వగరు తక్కువ, కొంచెం చల్లబరిచి పోయవచ్చు. నూనెలో వేగిన ఉప్పటి వాటికి స్పార్క్‌లింగ్ వైన్. ఆ బుడగలు, పులుపు కలిసి నోటిని కడిగేస్తాయి. పులుపు వంటకం పక్కన అంతకంటే పులుపు తక్కువైన వైన్ చప్పబడుతుంది. తీపి పదార్థం పక్కన దానికంటే తీపి తక్కువైన వైన్ పుల్లగా మారుతుంది. ఈ నాలుగైదు సంగతులు తెలిస్తే చాలు, హాలులో అడిగే ప్రశ్నల్లో అధిక భాగానికి జవాబు దొరుకుతుంది. ఏ కొండవాలు మీద ఏ ఏడాది వాన పడిందో మీ వెయిటర్‌కు తెలియాల్సిన పని లేదు.

దీన్ని పాఠంలా చెప్పకండి. ఒక మధ్యాహ్నం, హాలు తెరవకముందు, మీ వంటకాలన్నింటిలోకీ ఘాటైనది ఒక గిన్నెలో పెట్టి, తలా చెంచాడు తినమనండి. రెండు రకాల వైన్ తలా 20 మిల్లీలీటర్లు పోయండి, ఒకటి మీ బరువైన రెడ్, ఒకటి ఆ తీపి రీజ్లింగ్. ఉమ్మేయడానికి పాత్ర దగ్గర పెట్టండి. తాగనివాళ్ళు వాసన చూసి, మిగతావాళ్ళ ముఖాలు చూస్తే చాలు. నేను ఈ పని చేయించిన ప్రతిచోటా మొదటి గుటకకు ఎవరో ఒకరు గ్లాసు దూరంగా జరిపారు, రెండోదానికి "ఇది బాగుంది" అని మళ్ళీ అందుకున్నారు. మర్నాడు టేబుల్ దగ్గర వాళ్ళు చెప్పేది బట్టీ పట్టిన వాక్యం కాదు, వాళ్ళ నోటికి తెలిసిన సంగతి.

మీ పెద్ద వెయిటర్ సంగతికి వస్తాను. మానేస్తానన్న మాట బెదిరింపు కాదు. ఆరేళ్ళు మీ హాలును మోసిన మనిషి తన లోపం మీ ముందు ఒప్పుకున్నారు. మీ ఉత్తరాన్ని బట్టి ఆయన భయాలు రెండు: పేర్లు పలకడం, సీసా బిరడా తీయడం. పేర్ల భయానికి వారం రోజుల్లో మందు ఉంది. జాబితాలో ప్రతి వైన్‌కూ ఒక నంబరు వేయండి. "పదిహేడు తీసుకురండి" అనడం అతిథికీ సులువే, వెయిటర్‌కూ సులువే. పేరు సరిగ్గా పలకలేని అతిథులు వేలు పెట్టి చూపించి సిగ్గుపడే అవస్థ తప్పుతుంది. మీ అన్నయ్య దీన్ని నామోషీ అనుకోవచ్చు. అననివ్వండి, పెద్దపెద్ద హోటళ్ళు కూడా చేసే పనే ఇది.

బిరడా భయం చేతులది, చేతులతోనే పోవాలి. గ్లాసుల కోసం ఎలాగూ రోజూ సీసాలు తెరుస్తారు కాబట్టి, సాయంత్రం హాలు తెరిచే ముందు వాటిని ఆయన చేతనే తెరిపించండి. మెడ మీద ఉబ్బుకు కింద రేకును గుండ్రంగా కోయాలి. సీసాను టేబుల్ మీద నిలబెట్టి, కార్క్ స్క్రూ మరను బిరడా నడిమధ్యన దించాలి, సీసాను తిప్పకూడదు. చివరి చుట్టు ఒకటి బయట ఉండగానే ఆపాలి, లేకపోతే బిరడా అడుగు తెగి తునకలు వైన్‌లో పడతాయి. రెండు మెట్ల పిడి ఉన్న కార్క్ స్క్రూ అయితే మొదటి మెట్టుతో సగం, రెండో మెట్టుతో మిగతా సగం లాగి, ఆఖరి పిసరు వేళ్ళతో పట్టి నెమ్మదిగా వదిలించాలి. చప్పుడు రాకూడదు. ఇరవై సీసాలు తెరిచేసరికి చేతి వణుకు పోతుంది. ఈ లోపు గ్లాసుతో అమ్మే వాటిలో తిప్పుడు మూత ఉన్నవి ఎక్కువ తెప్పించండి. తిప్పుడు మూత నాసిరకానికి గుర్తని ఇంకా అనుకునేవాళ్ళున్నారు, కానీ న్యూజిలాండ్, ఆస్ట్రేలియా దేశాల మంచి ఉత్పత్తిదారులు 2000 ప్రాంతం నుంచి కోరి దానికి మారారు.

ఇంకో చిన్న సంగతి, మీ సిబ్బందిలో ఎవరికీ తెలియదని ఉత్తరం చూస్తే అనిపించింది. సీసా తెరిచి మొదట కొంచెం పోసేది "నచ్చిందా" అని అడగడానికి కాదు, వైన్ చెడిందేమో చూడమని. బిరడా ఉన్న సీసాల్లో అప్పుడప్పుడు టీసీఏ అనే పదార్థం చేరి తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. అతిథి "ఏదో తేడాగా ఉంది" అంటే వాదించకుండా వెనక్కి తీసుకోవాలి. నిజంగా చెడిన సీసాను చాలామంది సరఫరాదారులు మార్చి ఇస్తారు. ఈ ఒక్కటి తెలిస్తే మీ పెద్దాయన ఆ క్షణంలో బోనులో ముద్దాయిలా నిలబడరు.

అడిగే తీరు కూడా మార్చాలి. "వైన్ ఏమైనా తీసుకుంటారా?" అంటే "వద్దండీ" అనడం అతి తేలిక. భోజనం ఆర్డర్ రాసుకున్నాక, "మీరు చెప్పినవాటికి కాస్త తీపి తగిలే ఈ వైట్ వైన్ బాగా కుదురుతుంది, కొంచెం రుచి చూస్తారా?" అని అడిగి 30 మిల్లీలీటర్లు పోయమనండి. 750 మిల్లీలీటర్ల సీసాలో అది ఇరవై అయిదో వంతు, అంతే ఖర్చు. నచ్చకపోతే పోయింది గుక్కెడే. వద్దంటే మళ్ళీ అడగవద్దు. రెండోసారి అడిగితే అది ఒత్తిడి.

ఇప్పుడు లెక్కలు. మీ బిల్లుల్లో నెలంతా అమ్ముడైన వైన్లలో నాలుగింట మూడు వంతులు 11 రకాల నుంచే వచ్చాయి. 40 రకాలు ఒక్కసారి కూడా కదల్లేదు. వాటిలో పడుకున్నది మీ అప్పు. నేనైతే జాబితాను 30కి దించుతాను. దేశాల వారీగా కాక రుచుల వారీగా సర్దుతాను: తేలికగా, పుల్లగా ఉండేవి, కాస్త తీపివి, వగరు తక్కువ రెడ్, బరువైన రెడ్. ఒక్కొక్కదానికి ఒక వాక్యం, మీ మెనూలో దేనికి కుదురుతుందో. ధరలను కుడివైపు నిలువు వరుసలో, చుక్కల గీతతో రాయించారు మీ అన్నయ్య. అలా రాస్తే కళ్ళు పేరు వదిలేసి ధరల నిచ్చెన మీద పైకీ కిందికీ తిరుగుతాయి. ధరను వాక్యం చివరనే, ఒట్టి అంకెగా ఉంచండి. కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ఒక రెస్టారెంట్‌లో చూస్తే, డాలర్ గుర్తు లేకుండా అంకె మాత్రమే ఉన్న మెనూ అందుకున్నవాళ్ళు ఎక్కువ ఖర్చు పెట్టారు. ఒక్క చోట మధ్యాహ్న భోజనాల మీద చేసిన పరిశీలన అది, వేదవాక్యం కాదు. అయినా కాగితం మార్చడానికి అయ్యే ఖర్చెంత?

లాభం వేసుకునే పద్ధతి కూడా చూశాను. అన్నింటికీ కొన్న ధరకు మూడింతలు వేశారు. వందకు కొన్నది మూడు వందలకు అమ్మితే రెండు వందలు మిగులుతాయి, సరే. నాలుగు వందలకు కొన్నదాన్ని పన్నెండు వందలు అంటే అతిథి పేజీ తిప్పేస్తాడు, మిగిలేది సున్న. దాన్నే ఎనిమిది వందలకు ఇస్తే నాలుగు వందలు మిగులుతాయి, అతిథికీ మంచి సరుకు దొరికిన తృప్తి. ఖరీదు పెరిగేకొద్దీ రెట్లు తగ్గించాలి. జీతాలిచ్చేది మిగిలిన డబ్బుతో కదా, శాతాలతో కాదు. అలాగే, అన్నింటికంటే చవకైన వైన్ ఏదో ఒకటి పడేయకండి. చాలామంది మొదట ముట్టుకునేది దాన్నీ, దాని పైదాన్నీ. ఆ రెండూ మీరు గర్వంగా పోసేవై ఉండాలి.

గ్లాసుతో అమ్మకమే మీకు అసలు దారి. ఇప్పుడు మీరు గ్లాసుతో ఇచ్చేవి రెండే. వాటిని ఆరు చేయండి, అంతకు మించవద్దు. సీసాలో 150 మిల్లీలీటర్ల గ్లాసులు 5, 125 అయితే 6. వ్యాపారంలో చాలామంది మొదటి గ్లాసు ధరతోనే సీసా కొన్న ఖర్చు రాబట్టుకునేలా పెడతారు. మీరు అంత బిగించకుండా కాస్త తగ్గించినా నష్టం రాదు, పారబోత లేకపోతే. ప్రమాదం పారబోతలోనే ఉంది. తెరిచిన సీసా గాలి తగిలి మూడు నుంచి ఐదు రోజుల్లో చచ్చుబడుతుంది, బుడగలున్నది అంతకంటే ముందే. తెరిచిన ప్రతి సీసా మెడకు తేదీ రాసిన చీటీ కట్టండి, రాత్రి మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, రెడ్ వైన్ కూడా. సీసాలోకి ఆర్గాన్ వాయువు పంపే పరికరాలు దొరుకుతాయి. గాలి కంటే బరువైన ఆ వాయువు వైన్ మీద కప్పులా నిలిచి ఆక్సిజన్‌ను తగలనివ్వదు. ఖరీదైన సీసాల నుంచి గ్లాసులు అమ్మాలనుకుంటే తప్ప వాటికి ఇప్పుడే డబ్బు పెట్టకండి.

చల్లదనం గురించి నాలుగు మాటలు. రెడ్ వైన్‌ను గది వేడిమిలో పోయాలనే మాట చలి ఇళ్ళ కాలంలో పుట్టింది. దాని అర్థం 16 నుంచి 18 డిగ్రీలు. మీ హాలులో 26 ఉంటుందని రాశారు. ఆ వేడికి ఆల్కహాల్ ముక్కులోకి ఎగదన్నుతుంది. పోసే ముందు సుమారు గంటసేపు ఫ్రిజ్‌లో పెడితే చాలు. వైట్ వైన్‌కు బకెట్‌లో ఒట్టి ఐసు వేస్తున్నారు. సగం నీళ్ళు పోయండి, సీసా చుట్టూ చలి అంటుకుని త్వరగా చల్లబడుతుంది.

మీ అన్నయ్య చెప్పిన కమిషన్ సంగతి. పెడితే ఏమవుతుందో దాచకుండా చెబుతాను. మొదటి నెల అమ్మకాలు పెరుగుతాయి, ఆయన చెప్పిందే నిజమనిపిస్తుంది. సీసాకు డబ్బు వస్తుంది కాబట్టి గ్లాసుతో సరిపోయే జంటకు సీసా అంటగడతారు. కుదిరేదాని బదులు ఖరీదైనది చెబుతారు. చలాకీగా మాట్లాడే ఇద్దరు కుర్రవాళ్ళు మంచి టేబుళ్ళ కోసం పోటీపడతారు, మీ పెద్దాయన వెళ్ళిపోతారు. మూడో నెలకు అతిథుల్లో కొందరు రావడం తగ్గిస్తారు, ఆ తగ్గుదల వైన్ లెక్కల్లో కనబడదు, మీ వంటగదిలో కనబడుతుంది. ప్రోత్సాహకం ఉండాలని ఆయన పట్టుబడితే, హాలు మొత్తానికి కలిపి ఒకటే ఉంచండి. కొలత కూడా డబ్బు కాకుండా, ఎన్ని టేబుళ్ళకు కనీసం ఒక గ్లాసు వెళ్ళింది అన్నది చూడండి. సగం తాగి వదిలేసినవి ఎన్ని వెనక్కి వచ్చాయో కూడా రాయించండి. మీ సరుకు సరిగ్గా ఉందో లేదో చెప్పే అంకె అది.

ఆ కొలతలోనే మీ బెంగకూ కొంత జవాబు ఉంది. ఒకే మనిషికి ఇంకో సీసా పోయడం ఒక రకం అమ్మకం. జంకుతో మంచినీళ్ళు తాగి వెళ్ళిన వంద టేబుళ్ళకు తలా గ్లాసు అందడం మరో రకం. రెండోది ఎంచుకోండి. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 14 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, మీ మనుషులకు ఆ లెక్క తెలిసి ఉండాలి. 75 మిల్లీలీటర్ల చిన్న కొలత పెట్టండి. బండి నడిపి ఇంటికి వెళ్ళేవాళ్ళకు, తాగనివాళ్ళకు ఆల్కహాల్ లేని పానీయాలు రెండు మూడు అదే జాబితాలో, అదే శ్రద్ధతో రాయండి. వాటిని మీరే స్వయంగా రుచి చూసి తయారు చేయవచ్చు. మత్తు ఎక్కువైన వాళ్ళకు ఇక పోయకుండా ఆపే అధికారం వెయిటర్‌కు ఉందని, ఆపితే మీరు వెనక ఉంటారని అందరి ముందు చెప్పండి. ఈ మాట యజమాని నోట రావాలి.

వైన్ ఎత్తేయడం కూడా ఒక దారే, దాన్ని కొట్టిపారేయను. నిల్వలో ఇరుక్కున్న డబ్బు బయటపడుతుంది, గొడవ ఒక రకంగా ఆగుతుంది. మీ లైసెన్సు నిబంధనలు ఒప్పుకుంటే అతిథులు తమ సీసా తెచ్చుకోవచ్చని, తెరిచి పోసినందుకు కొంత రుసుము అని పెట్టవచ్చు. నష్టం ఏమిటంటే, భోజనం మీద మిగిలే పలుచటి లాభానికి వైన్ ఇచ్చే ఆసరా పోతుంది. అప్పు మాత్రం మిగులుతుంది. రెండేళ్ళ ముచ్చటను చెల్లెలు మూయించిందన్న మాట మీ అన్నయ్య మనసులో చాలాకాలం ఉంటుంది. ఎనిమిది వారాలు పైన చెప్పినవి చేసి చూసి, అంకెలు కదలకపోతే అప్పుడు ఆ మాట ఎత్తండి. అప్పుడు ఆ మాట చెప్పేది లెక్కల పుస్తకం, మీరు కాదు.

ఆయనకు కూడా ఒక చోటు మిగల్చండి. జాబితాలో చివరి పేజీ ఆయనది. పది సీసాలు ఆయన ఎంపిక, కింద ఆయన పేరు. వారంలో రెండు సాయంత్రాలు ఆయనే వచ్చి ఆ పేజీ చదివే టేబుళ్ళ దగ్గర మాట్లాడాలి. నిజమైన వైన్ ప్రియులు వచ్చినప్పుడు ఆయనంత బాగా చెప్పగలవాళ్ళు మీ హాలులో లేరు. మిగతా కదలని సీసాలను ఒక్కొక్కటిగా, వారానికి ఒకటి చొప్పున తగ్గింపు ధరతో గ్లాసుల్లో పోసి వదిలించుకోవచ్చు.

ఇదంతా ఆయనతో ఎలా మొదలుపెట్టాలి? బిల్లుల కట్ట పట్టుకుని వెళ్ళకండి, సిబ్బంది ముందు అసలే వద్దు. హాలుకు సెలవైన రోజున ఆయన్ని భోజనానికి పిలవండి. వంట మీది, అన్నింటిలోకీ ఘాటైనది. ఆయన మెచ్చిన బరోలో ఒకటి, చల్లబరిచిన రీజ్లింగ్ ఒకటి ఆయన చేతనే తెరిపించి, రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టండి. జాబితా ఊసెత్తకండి. నాలుగు ముద్దలు తిన్నాక ఆయన చెయ్యి ఏ గ్లాసు మీదికి వెళుతుందో చూస్తూ ఉండండి. వెళ్ళాక, "మన వంటకాల్లో ఆరింటికి ఆరు వైన్లు నువ్వే ఎంచి పెట్టు అన్నయ్యా" అని అడగండి.

మీరు పంపిన మూడో ఫొటోలో, వంటగది తలుపు పైన అలంకారంగా అరలో నిలబెట్టిన ముప్ఫై సీసాలున్నాయి, వాటి మీద బల్బు కూడా వెలుగుతోంది. పొయ్యిల వేడి, వెలుతురు, నిలబెట్టడం వల్ల ఎండిపోతున్న బిరడాలు, మూడూ కలిసి వాటిని రోజురోజుకూ చంపుతున్నాయి. ఆ భోజనం దాకా ఆగకుండా రేపు ఉదయమే వాటిని దించి, చీకటిగా, చల్లగా ఉండే చోట అడ్డంగా పడుకోబెట్టండి. ఒకటి తెరిచి వాసన చూడండి. ఉడికిన పండు వాసన వస్తే ఆ అరలోవి అతిథులకు పోయకండి.